పున్నమి సెలవులు

"వారానికి ఎన్నిసార్లు?" అంది నర్సు
కాగితం మీంచి తలెత్తకుండా,
ఉల్లిపాయలు కిలో ఎంత అన్నంత మామూలుగా.
కిటికీలోంచి కివూ సరస్సు వైపు చూశాను.
ఏం చెప్పను?
నా మొగుడి సెలవులు చంద్రుడి దగ్గరుంటాయి.

మూడు పడవల్ని పొడుగాటి గడలతో ఒకటిగా కట్టి
చీకటి పడగానే పోతాడు సెబాగబో.
దీపం చూపిస్తే చాలు, సాంబాజా చేపలు
పెళ్ళిభోజనానికొచ్చినట్టు వచ్చేస్తాయి.
పున్నమి వారం మాత్రం రావు.
ఆకాశంలో అంత దీపం ఉండగా
మా లాంతరుని ఎవరు లెక్కచేస్తారు?
ఆ వారం వలలు ఎండుతాయి,
మగవాళ్ళు ఇళ్ళకొస్తారు.

అమాసకో పున్నానికో అంటారే,
మాకు అందులో అమాస కూడా లేదు.

మిగతా రోజుల్లో అతను వచ్చేసరికి తెల్లారుతుంది.
నేను కాఫీగింజలు ఏరే షెడ్డుకి బయల్దేరుతుంటాను.
గుమ్మంలో తాళంచెవి చేతులు మారుతుంది.
మంచం ఒక్కటే,
వంతులవారీగా వెచ్చబడుతుంది.

పెళ్ళయ్యాక మొదటి పున్నమికి
కొత్త కితెంగె కట్టుకుని కూర్చున్నాను.
వచ్చాడు. ఉడికించిన అరటికాయ రెండు ముక్కలు తిని
గోడకి ఒరిగి నిద్రపోయాడు.
ఇరవై రాత్రుల నిద్రబాకీ.
వేళ్ళ గాట్లలో పొలుసులు మెరుస్తున్నాయి.
లెక్క రాసుకునే వాళ్ళకి ఆ రాత్రి సున్నా.
నేను మాత్రం తెల్లారేదాకా
ఆ వేళ్ళు చూస్తూ కూర్చున్నాను.

మర్నాటి సంగతి నర్సుకి కూడా చెప్పను.

పిల్లలు ఇప్పుడే వద్దనుకున్నాం.
పడవలో మూడోవంతు వాటా ముందు.
ఆరోగ్య కార్యకర్త ముకరుసినె
ముప్పై రెండు పూసల దండ ఇచ్చింది.
ఎర్రపూసతో మొదలు,
రోజుకో పూస చొప్పున రబ్బరు రింగు జరపాలి.
గోధుమరంగుకి భయం లేదు,
తెల్లవాటి దగ్గర జాగ్రత్త.

నా ఒంటి నెలా ఆకాశం నెలా ఒకటే కాబోలు,
తెల్లపూసలన్నీ వచ్చి
సరిగ్గా అతనింట్లో ఉండే వారంలోనే కూర్చునేవి.
పైగా చీకట్లో మెరుస్తాయవి.
మూడు పున్నములు పక్కపక్కన పడుకుని
వాటినే చూశాం.
నాలుగోసారి చూడలేదు.

ఆ నెల రింగు దండ చివరికొచ్చింది.
ఎర్రపూస మాత్రం రాలేదు.
ఒకరోజు, ఇంకోరోజు, ఎనిమిది రోజులు.
నేను అవకాడో ఎలా తింటున్నానో
అత్తగారు కనిపెడుతూనే ఉంది.
తొమ్మిదోనాడు షెడ్డులో, గింజల మధ్య, వచ్చేసింది.
బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.
దేనికేడ్చానో ఇప్పటికీ తెలీదు.

ఆ వారమే ఒక పొద్దున నిద్ర మానుకుని
నాతో క్లినిక్కుకొచ్చాడు.
బెంచీ మీద కునికాడు. నర్సు
నాకు మాత్రలు, సూది, చేతికడ్డీ వివరిస్తుంటే
ఉన్నట్టుండి కళ్ళు తెరిచి
"మగవాళ్ళకేం లేదా?" అన్నాడు.
నర్సు మొదటిసారి తలెత్తింది.

ఇచ్చిన పొట్లాన్ని ఎక్కడ దాచాడో తెలుసా?
లాంతరు పెట్టెలో.
దీపం వెలిగించబోయి తోటివాళ్ళు చూసేశారు.
ఆ రాత్రి తెడ్లు వేస్తూ వాళ్ళు కట్టిన పాట
ఒడ్డున వలలు బాగుచేసే ముసలమ్మలకి కూడా వినిపించింది.
నాకూ వినిపించింది.
దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వాను.

రెండు పున్నములు అవే సరిపెట్టాం.
తర్వాత నేనే వెళ్ళి కడ్డీ పెట్టించుకున్నాను,
అగ్గిపుల్లంత, ఎడమచేతి చర్మం కింద.
కావాలనుకున్న రోజున తీస్తారట.
పడవ ధర గురించి మాట్లాడుతూ
అక్కడే వేలితో రాస్తుంటాడు, సన్నని ముల్లుని వెతికినట్టు.
మొన్న మంగళవారం గాలివాన.
పడవలు కదల్లేదు.
చంద్రుడెక్కడున్నాడో మేం అడగలేదు.

పూసలదండ అత్తగారికి దొరికింది.
ముచ్చటగా ఉందని మెళ్ళో వేసుకుంది.
ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో నిలబడి
తెల్లపూసలు వేళ్ళతో తిప్పుకుంటూ
కళ్ళు మూసుకుని అడుగుతుంది,
మనవణ్ణిమ్మని.